రాసింది నువ్వు కాదు సరే, వేసిందెవరు?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను నెల్లూరులో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నా. ఇన్‌స్టాలో మా క్యాంపస్ పేరు మీద ఒక కన్ఫెషన్స్ పేజీ ఉంది. నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ నడుపుతాం, అడ్మిన్లు ఎవరో బయట ఎవరికీ తెలియదు. ఆరు వేల మందికి పైగా ఫాలోవర్లు ఉన్నారు. గూగుల్ ఫారంలో పేరు లేకుండా రాసి పంపితే మేం పోస్ట్ చేస్తాం. పోయిన నెల ఒకడు 'పొదలకూరు బస్సులో వచ్చే నిమ్మపండు రంగు చున్నీ అమ్మాయి' గురించి రాశాడు. మొదట్లో పొగిడినట్టే ఉంది, చివర్లో ఆమెకి ఒక సార్‌తో ఏదో ఉందన్నట్టు ఒక లైను. నేనే పోస్ట్ చేశా. గంటలో కామెంట్లలో ఆమె ఎవరో చెప్పేశారు. నిమ్మకాయ అని పేరు పెట్టారు, బస్సెక్కితే 'కేజీ ఎంత' అని అరుస్తున్నారంట. పది రోజులుగా ఆమె క్లాసుకి రావట్లేదు. పోస్ట్ ఎవరికీ కనపడకుండా ఆర్కైవ్‌లో పెట్టేశా గానీ స్క్రీన్‌షాట్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒక ఫ్రెండేమో పేజీ డిలీట్ కొట్టి సైలెంట్‌గా ఉందాం అంటున్నాడు. ఇంకొకడు 'మనం రాసింది కాదు కదా, మనకేంది' అంటున్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు. చెప్పేస్తే కేసవుతుందా? నాన్నకి తెలిస్తే తట్టుకోలేడు. పేజీ మూసేయాలంటే కూడా మనసొప్పట్లేదు, నిజం చెప్తున్నా. ఏం చేయమంటారు?
పేరు వద్దు, నెల్లూరు

సమాధానం:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాకు నచ్చిన మాటలు రెండున్నాయి. 'నేనే పోస్ట్ చేశా' అన్నది ఒకటి, 'పేజీ మూసేయాలంటే మనసొప్పట్లేదు' అన్నది ఇంకొకటి. ఈ రెండూ దాచిపెట్టి, అంతా ఆ రాసినవాడి మీదికి తోసేసి, నేను పాపం ఏమీ ఎరగను అన్నట్టు రాసి ఉంటే నాలుగు లైన్లలో తిట్టి వదిలేసేదాన్ని. నిజం రాశావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాస్త తిడతాను కూడా, పడు.

ముందు మీ వాడన్న మాట సంగతి చూద్దాం. 'మనం రాసింది కాదు కదా.' నిజమే, రాసినవాడు ఎవడో. కానీ ఆ ఫారంలోకి వచ్చినవన్నీ మీరు వేయరు కదా నాయనా. నువ్వు కూర్చుని చదువుతావు, ఇది బాగుంది, ఇది చప్పగా ఉంది అని ఏరతావు, ఏరిన దానికి ఒక రంగు బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, పైన ఒక ఎమోజీ తగిలించి, జనం ఫోన్లు పట్టుకునే టైము చూసి వేస్తావు. పత్రికాఫీసులో ఆ పని చేసేవాళ్ళని ఎడిటర్లంటారు, తప్పుడు వార్త పడితే విలేకరితో పాటు వాళ్ళ మెడకీ చుట్టుకుంటుంది. ఆ చివరి లైను నువ్వు చదివే ఉంటావు. సార్ మాట దగ్గర నీ వేలు ఒక్క క్షణం ఆగే ఉంటుంది కూడా. ఆగి మరీ నొక్కావు, ఎందుకంటే ఆ లైను తీసేస్తే ఆ పోస్టులో పస లేదని నీకు తెలుసు.

ఇదంతా చెప్పడానికి నాకు అర్హత ఉందో లేదో నువ్వే చూసుకో. 2018 ఎండాకాలంలో మేం కావలిలో ఉండేవాళ్ళం. పార్థీ గ్యాంగ్ వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, అని మన రెండు రాష్ట్రాల్లో ఫోన్లన్నీ హోరెత్తిపోయిన రోజులు అవి, నువ్వప్పుడు హైస్కూల్లో ఉండి ఉంటావు. నాకొక ఆడియో వచ్చింది. గొంతు భలే గంభీరంగా ఉంది, ఎక్కడో ఎస్సైని మాట్లాడుతున్నా అంటాడు. నేను దాన్ని మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చుట్టాల గ్రూపులోనూ పడేసి, కింద 'జాగ్రత్త, పిల్లల్ని బయటికి పంపకండి' అని ఒక లైను కూడా జోడించా. ఏదో ఊరిని కాపాడినంత తృప్తి.

రెండో రోజు సాయంత్రం, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, కింద సందులో గోల. కుక్కర్లు, గ్యాస్ స్టవ్వులు బాగుచేసుకునే మనిషి ఒకడు, తెలుగు రాదు, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, చుట్టూ ముప్పై మంది. వాడి సంచీ లాక్కుని రోడ్డు మీద బోర్లించారు. రబ్బరు గ్యాస్కెట్లు, స్క్రూడ్రైవరు, నాలుగైదు కుక్కరు విజిళ్ళు. ఒక విజిలు దొర్లుకుంటూ పోయి కాలవలో పడితే వాడు దాని కోసం వంగాడు, వంగగానే పారిపోతున్నాడనుకుని ఎవడో కాలరు పట్టుకున్నాడు. అప్పుడు మా పై ఫ్లాట్ కుర్రాడు ఫోన్ స్పీకర్లో పెట్టి ఒక ఆడియో వినిపించడం మొదలుపెట్టాడు, ఇదిగో పోలీసులే చెప్పారు అని. అదే గొంతు. అది మా గ్రూపులోంచి తీసిందే, అంటే నేను పంపిందే. ఆ వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారొకాయన లుంగీ మీదే పరిగెత్తుకొచ్చి వాడికీ జనానికీ మధ్యన నిలబడి పోలీసులకి ఫోన్ చేయబట్టి దెబ్బ పడకుండా తెల్లారింది. నేను మాత్రం బాల్కనీలోంచి కిందికి దిగలేదు. దిగి 'అది నేను పంపిందే, నిజమో కాదో తెలుసుకోకుండా పంపా' అని ఒక్క మాట అనుంటే ఆ హెడ్మాస్టరు గారికి కాస్త ఊపిరాడేది. అనలేదు. ఆడియో నేను రికార్డు చేసింది కాదు కదా అనుకున్నా. అచ్చం మీ వాడి మాటే.

దేశంలో చాలా చోట్ల ఆ ఏడాది ఇలాంటి పుకార్లకి మనుషుల ప్రాణాలే పోయాయి. ఆ జులైలో వాట్సాప్ వాళ్ళు ఇండియాలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. కంపెనీకి తెలిసొచ్చింది అన్నమాట, రాసేవాడి కంటే నొక్కేవాళ్ళ దగ్గరే అడ్డుకట్ట వేయాలని.

ఇక ఆ అమ్మాయి సంగతి. నువ్వు ఆమె గురించి రాసింది మూడు నాలుగు ముక్కలే, నిమ్మకాయ, కేజీ ఎంత, క్లాసుకి రావట్లేదు. పొదలకూరు వైపు ఇళ్ళు నాకు తెలుసు, అక్కడ నిమ్మకాయల మార్కెట్ ఉంది, సగం మంది బతుకు ఆ తోటల మీదే. కేజీ ఎంత అన్న మాట ఆ అమ్మాయి ఇంట్లో రోజూ వినే మాట అయ్యుండొచ్చు, వాళ్ళ నాన్న ఫోన్లో వ్యాపారితో మాట్లాడే మాట. దాన్ని తీసుకొచ్చి ఆమె మొహాన కొట్టారు. సరే, అది అలా ఉంచు. అసలు విషయం ఏందంటే, మన పల్లెల్లో ఆడపిల్ల నెల్లూరుకొచ్చి పీజీ చదవడమంటే ఇంట్లో ఎన్ని రాత్రుల వాదన మీద సాధించుకున్నదో నీకు తెలియదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, జీరో టికెట్ కొట్టి ఇస్తారు, హమ్మయ్య ఇక చార్జీల మాట ఎత్తరు అని ఎంతమంది అమ్మాయిలు ఊపిరి పీల్చుకున్నారో. ఇప్పుడు చార్జీ లేదు, కానీ ఎక్కడానికే లేకుండా పోయింది. నీ పోస్టు స్క్రీన్‌షాట్ వాళ్ళ మేనమామ ఫోన్లోకో, బావ ఫోన్లోకో ఎప్పుడు పోతుందో, లేక ఇప్పటికే పోయిందో ఎవరికి తెలుసు. పోయాక 'ఎవడో అన్నాడని మా పిల్లని అనుమానిస్తామా' అనే నాన్నలు ఉన్నారు, లేరనను. 'ఇక చాల్లే చదువు' అని సంబంధాలు చూడటం మొదలుపెట్టే నాన్నలు కూడా ఉన్నారు. పది రోజులంటే ఆ మాటలు నడుస్తున్న టైమే.

నీకు మీ నాన్న గుర్తొచ్చాడు. ఆమెకీ నాన్న ఉన్నాడు కదా అని ఒక్కసారి అనుకో, అంతే, దాని గురించి ఇంకా సాగదీయను. ఆ సార్ ఎవరో గానీ ఆయన సంగతి కూడా అంతే, ఆయన ఇంట్లోనూ ఫోన్లున్నాయి.

కేసవుతుందా అని అడిగావు. నేను లాయర్ని కాదు, చదివి తెలుసుకున్నంత చెప్తా. మీ వాడు బహుశా 'గ్రూపు అడ్మిన్‌కి బాధ్యత లేదని కోర్టు చెప్పింది' అని కూడా అని ఉంటాడు, ఈ మాట కుర్రాళ్ళలో బాగా తిరుగుతోంది. 2022లో కేరళ హైకోర్టు చెప్పిన మాట నిజమే, వాట్సాప్ గ్రూపులో ఇంకొకరు పెట్టిన దానికి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయలేమని. కానీ అక్కడ పెట్టినవాడు వేరే, అడ్మిన్ వేరే. మీ పేజీలో పెట్టింది నువ్వు. తేడా అర్థమైంది కదా. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టే 66ఏ సెక్షన్ సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇక పోస్టుల మీద కేసులుండవు అనేవాళ్ళు కూడా ఉంటారు. 2015 మార్చి 24న కొట్టేసిన మాట నిజం, మిగతావి అలాగే ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువు నష్టానిది, అందులో రాసినవాడికే కాదు, ప్రచురించినవాడికీ వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. రెండేళ్ళ వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఆడవాళ్ళ గౌరవాన్ని కించపరిచే మాటలకి, సైగలకి 79వ సెక్షన్, మూడేళ్ళ వరకు. బస్సులో అరుస్తున్న మీ హీరోలు కూడా ఈ నంబరు ఒకసారి చూసుకుంటే మంచిది. ఎవరి మీద ఏది పెడతారన్నది పోలీసులూ కోర్టూ చూసుకుంటారు, నేను చెప్పలేను. అడ్మిన్లు ఎవరో ఎవరికీ తెలియదు అన్నావే, అది క్యాంపస్ వరకే. అకౌంట్ తెరిచేటప్పుడు ఒక ఫోన్ నంబరో మెయిలో ఇచ్చే ఉంటారు, పోలీసులు నోటీసు ఇచ్చి అడిగితే కంపెనీ దగ్గర ఆ వివరాలుంటాయి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. భయంతో చేసే పని ఎప్పుడూ ఒకటే ఉంటుంది, డిలీట్ కొట్టడం. అది మాత్రం చేయొద్దు. ఎందుకంటే రేపు ఆ అమ్మాయి కంప్లయింట్ ఇవ్వాలనుకుంటే ఆమెకి కావలసిన ఆధారాలన్నీ మీ ముగ్గురి దగ్గరే ఉన్నాయి, ఆ ఫారంలో ఏ టైముకి ఏం వచ్చిందో, పోస్టు ఎప్పుడు పడిందో, కామెంట్లలో మొదట ఊరూ పేరూ బయటపెట్టింది ఎవరో. పేజీ, ఫారం ఎగరగొడితే అవన్నీ పోతాయి, పైగా ఆధారాలు చెరిపేశాడన్న మాట నీ మీదికే వస్తుంది. పేజీని ఆపెయ్, చెరిపెయ్యకు. కొత్త పోస్టులు బంద్, ఫారం మూసెయ్, కామెంట్లు ఆఫ్. ఉన్నవాటిని తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. ఇది ఈ రాత్రికే చెయ్, రేపటికి వాయిదా వేస్తే మీ వాడు డిలీట్ కొట్టేస్తాడు, పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గరా ఉంటుంది కదా.

ఇంకొకటి కూడా చేయొద్దు. హడావుడిగా పేజీలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద 'పొదలకూరు బస్సు అమ్మాయికి మా క్షమాపణలు' అని పోస్టు పెట్టేవు! చూడనివాళ్ళు కూడా ఏమా కథ అని వెతుక్కుంటారు. నీ గుండె బరువు దిగుతుంది, ఆమెకి రెండో రౌండ్ మొదలవుతుంది. అలాగే ఆ రాసినవాడు ఎవడో పట్టుకుని వాడి పేరు బయటపెట్టడం, ఆ హీరోయిజం కూడా వద్దు, మళ్ళీ అదే గుంపు, ఈసారి ఇంకో మనిషి చుట్టూ. అర్ధరాత్రి ఆమెకి డీఎం పెట్టడం అసలే వద్దు. ఎవరో తెలియని అకౌంట్ నుంచి మెసేజ్ వస్తే ఆ పిల్ల ఎలా వణుకుతుందో ఊహించుకో.

మరి ఏం చెయ్యాలి? నీ పేరుతో వెళ్ళు. నేరుగా ఆమె దగ్గరికి కాదు. మీ డిపార్ట్‌మెంట్లో పిల్లలు నమ్మే మేడం ఒకరుంటారు, ప్రతి డిపార్ట్‌మెంట్లోనూ ఉంటారు, ఆవిడ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పి, ఒక కాగితం ఇవ్వు. టైపు చేసింది కాదు, చేత్తో రాసింది. అందులో 'నీకు బాధ కలిగి ఉంటే సారీ' లాంటి గోడమీది పిల్లివాటం వాక్యాలు రాయకు. ఫలానా తేదీన ఫలానా టైముకి ఆ పోస్టు వేసింది నేను, నా పేరు ఇది, చివరి లైనుకి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, నిజమో అబద్ధమో కనుక్కోకుండా వేశాను. అంతే. క్షమించమని అడగొచ్చు, క్షమించి తీరాలన్నట్టు మాత్రం రాయకు. కంప్లయింట్ ఇవ్వొద్దని బతిమాలకు, అది క్షమాపణ కాదు, బేరం. ఆధారాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎప్పుడు ఎవరికి ఇమ్మంటే వాళ్ళకి ఇస్తా, ఆ లైను ఆధారం లేనిదని ఎక్కడ చెప్పమంటే అక్కడ నా పేరుతో చెప్తా, అని రాయి. అందరిలో చెప్పమంటుందా, ఇక దాని ఊసే ఎత్తొద్దంటుందా అనేది ఆ అమ్మాయి ఇష్టం. నీకు ఏది సుఖంగా ఉంటుందో అది కాదు ఇక్కడ లెక్క.

వెళ్ళేముందు మిగతా ఇద్దరికీ చెప్పు. నా పేరు నేను చెప్తున్నా, మీ పేర్లు మీరు చెప్పుకోండి, రెండు రోజులు టైమిస్తున్నా అని. స్నేహం చెడుతుందేమో, చెడనీ.

ఆ మేడం ద్వారా ఆమెకి తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి, ఒకవేళ తెలియకపోతే. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో, యూనివర్సిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పోయిన నెల అన్నావు కాబట్టి ఇంకా టైముంది, కానీ పరీక్షలు, సెలవులు అంటూ ఉంటే ఇట్టే గడిచిపోతుంది. పోలీసుల దగ్గరికి పోదలచుకుంటే స్టేషన్ మెట్లెక్కకుండానే కేంద్రం నడిపే సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, 1930 నంబరుకి చేయొచ్చు. లాయరు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు, ఆడవాళ్ళకైతే ఆదాయం ఎంతైనా సరే ఉచిత సాయం అందుకునే హక్కు 1987 చట్టంలోనే ఉంది. ఇవన్నీ ఆమెకి నువ్వు చెప్పడం కాస్త విడ్డూరంగా ఉంటుంది, నీ మీద ఫిర్యాదు ఎలా ఇవ్వాలో నువ్వే చెప్తున్నట్టు. అందుకే మేడంతో చెప్పించు.

స్క్రీన్‌షాట్లు పూర్తిగా ఆగవు. అది ఒప్పుకో. కానీ తిరిగే గ్రూపులు ఏవో నీకు తెలుసు, వాటి అడ్మిన్లు కూడా మీ బ్యాచ్‌మేట్లే. ఒక్కొక్కడికీ మెసేజ్ కాదు, ఫోన్ చెయ్. మళ్ళీ ఎవడైనా పెడితే అందరికీ కనపడకుండా తీసేసే వీలు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌కి ఉంది, తీసెయ్యమను. 'ఎందుకురా నీకంత' అంటే 'వేసింది నేనే కాబట్టి' అను. పది మందికి ఈ మాట చెప్పేసరికి నోరెండిపోతుంది. ఎండనీ.

నాన్నకి ఇంకెవరో చెప్పకముందే నువ్వు చెప్పు. ఎవరి ఫోన్లోనో చూస్తే ఆయనకి రెండు దెబ్బలు, కొడుకు చేసిన పని ఒకటి, కొడుకు దాచిపెట్టడం ఒకటి. అరుస్తాడు. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. తట్టుకోలేడు అని నువ్వంటున్నావు గానీ నాన్నలు మనం అనుకున్న దాని కంటే ఎక్కువే తట్టుకుంటారు. చెప్పేటప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకో.

ఇప్పుడు పేజీ సంగతికొద్దాం, నీకు మనసొప్పని దాని సంగతి. ఇందులో నిన్ను వెక్కిరించను. రాత్రి లైటు తీసేశాక దిండు కింద ఫోన్ గుర్‌మంటుంటే, ఎవరికీ తెలియకుండా ఆరు వేల మంది నీ చేతిలో ఆడుతున్నట్టు అనిపిస్తుంటే, ఆ రుచి వేరు. పగలు క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లాడికి రాత్రి ఒక రాజ్యం. మూసెయ్యమంటే బాధే. కానీ ఒక చిన్న పని చెయ్, నీ పేజీలో ఈ ఆర్నెల్లలో ఏ పోస్టుకి ఎన్ని కామెంట్లు వచ్చాయో కిందికి జరుపుతూ చూడు. బస్‌పాస్ పోయింది, దొరికినవాళ్ళు ఇవ్వండి అన్న పోస్టు, ఫీజు గడువు పోస్టు, వాటికి పదో ఇరవయ్యో. పేరు చెప్పకుండా ఒక అమ్మాయిని ఊహించుకోమనే పోస్టుకి వందలు. కామెంట్లు పడేకొద్దీ యాప్ దాన్ని ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది, అది చూసి ఫారంలో రాసేవాళ్ళు కూడా అలాంటివే రాయడం నేర్చుకుంటారు. అంటే ఆ చున్నీ పోస్టు ఒక్క రాత్రి తప్పు కాదు, ఆర్నెల్లుగా మీరు ముగ్గురూ కలిసి దానికి మడి కట్టి నీళ్ళు పెట్టారు.

పేరు లేకపోతేనే నిజాలు బయటికొస్తాయి అని మీలో ఎవరో ఒకరు అంటారు, ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టి కొట్టిపారెయ్యను. వేధించే సార్ గురించి ఒక అమ్మాయి చెప్పాలంటే, ర్యాగింగ్ చేసే సీనియర్ గురించి ఫస్టియర్ పిల్లాడు చెప్పాలంటే, పేరు దాచాల్సిందే. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800 180 5522కి ఫోన్ చేసేవాడు కూడా తన పేరు ఊరంతా తెలియాలని కోరుకోడు. అక్కడ పేరు దాచుకునేది బలం లేనివాడు, వేలెత్తి చూపేది బలం ఉన్నవాడి వైపు. మీ పేజీలో తిరగబడింది అదే. ముసుగు మీకు, వేలు బస్సులో ఒంటరిగా కూర్చున్న పిల్ల మీదికి. మన జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న మనుషులు, కూలి చేసుకునేవాళ్ళు, ఎవరి మీద గొంతెత్తారో వాళ్ళు ఊళ్ళో డబ్బూ మందీ ఉన్నవాళ్ళు, అయినా మొహాలు దాచుకోలేదు. ప్రభుత్వం 1993లో రాష్ట్రమంతా సారాని నిషేధించే దాకా పోయింది అది. మీకు అంత సాహసం అక్కర్లేదులే, బయోలో ముగ్గురి పేర్లు రాసుకుని పేజీ నడపగలరా అన్నదొక్కటే నేను అడిగేది. నడపగలిగితే నడపండి. ఏ పోస్టు వేసినా రేపు క్యాంటీన్లో ఆ మనిషి ఎదురుపడతారు అని తెలిస్తే చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

అలా నడిపితే ఎందుకు పనికొస్తుందో కూడా చెప్తా. 2021 నవంబరు వరదలప్పుడు పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, నెల్లూరుకీ కోవూరుకీ మధ్య హైవే తెగిపోయి, ఎటు పోవాలో తెలియక జనం అల్లాడారు. మా చుట్టాల గ్రూపులో ఆ రెండు రోజులూ ఎప్పటివో, ఏ ఊరివో తెలియని వరద వీడియోలే, చూసినవాళ్ళకి గుండెదడ తప్ప దారి తెలియలేదు. అప్పుడు మా బంధువుల కుర్రాడొకడు తను నిలబడ్డ చోటు, టైము, తన ఫోన్ నంబరు వేసి, ఇక్కడ నీళ్ళు ఇంత ఉన్నాయి, లారీలు ఆపేశారు, వెనక్కి తిరగండి అని గంటకోసారి పెట్టాడు. ఎమోజీ లేదు, మ్యూజిక్ లేదు. ఆ మెసేజ్ చూసి మా ఆడబిడ్డ వాళ్ళు కావలిలోనే ఆగిపోయారు. ఆరు వేల మంది ఉన్న పేజీ అలాంటి రోజుకి ఉంటే ఎవరు కాదంటారు?

ఇవేవీ కుదరవు, ముసుగు ఉంటేనే మజా అనిపిస్తే, ఆధారాలు ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి ఇచ్చాక, ఆ అమ్మాయి వ్యవహారం ఒక కొలిక్కి వచ్చాక మూసెయ్. అప్పుడు బెంగగా ఉంటుంది, చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది, ఒక పదిహేను ఇరవై రోజులు. మా వాడు చెన్నైలో హాస్టల్లో ఉండి పరీక్షల ముందు ఇన్‌స్టా తీసేసినప్పుడు బాత్రూమ్‌లోకి కూడా ఫోన్ తీసుకెళ్ళి కాలిక్యులేటర్ ఓపెన్ చేసి చూసేవాడంట, చెప్పి వాడే నవ్వుకున్నాడు. తగ్గుతుంది.

ఇంకొక్క పని మిగిలింది, అది అన్నిటికంటే కష్టం. సోమవారం పొద్దున ఆ బస్సు వచ్చే టైముకి వెళ్ళి స్టాండులో నిలబడు. ఆమె వస్తుందని కాదు, రాకపోవచ్చు, వచ్చినా నువ్వు పలకరించొద్దు, దగ్గరికి కూడా పోవద్దు. ఆ అరిచే కుర్రాళ్ళ కోసం వెళ్ళు. నిమ్మరంగు చున్నీ వేసుకున్న ఇంకే అమ్మాయి దిగినా అరుస్తారు వాళ్ళు, అలవాటైపోయి ఉంటుంది. అరిచినవాడి పక్కకి పోయి, గొడవ పెట్టుకోకుండా, 'అది నేను వేసిన పోస్టు రా, ఏ ఆధారమూ లేదు, ఆపు' అను. నవ్వుతారు. ఒకడు నీ మీదే ఇంకో పేరు పెడతాడు, అది రెండు వారాలు నడుస్తుంది, భరించు. నేను ఆ రోజు బాల్కనీలోంచి దిగనిది ఆ రెండు మాటలకి భయపడే.

ఏం జరిగిందో నాకు రాయి. ఈసారి ఉత్తరం కింద నీ పేరు రాయి. బయట పెట్టను.